కార్పొరేటర్ ఓటంటే అంత చులకనా?

2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికలప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో తలుపు తలుపూ కొట్టి "ఆంటీ, ఓటేశారా?" అని అడిగాను. "కార్పొరేటర్‌కే కదమ్మా, ఎవరొస్తే ఏంటి" అని టీవీ ముందు నుంచి లేవనివాళ్లే ఎక్కువ. నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ అక్టోబర్‌లో వానలకి మా సెల్లార్‌లో బళ్లు మునిగి, నాలా నీళ్లు మెట్ల దాకా వస్తే వీళ్లందరూ ఫోన్ చేసింది ఎంపీకి కాదు, కార్పొరేటర్‌కే.

నగరం మొత్తమ్మీద 46 శాతం చిల్లర పోలింగ్. సగం కూడా లేదు! బీఎన్ రెడ్డి నగర్ డివిజన్‌లో గెలుపోటముల తేడా 32 ఓట్లు, అంటే ఒక చిన్న అపార్ట్‌మెంట్ కదిలొచ్చినా ఫలితం మారిపోయేది.

అందరూ బద్ధకస్తులని మాత్రం అనను. మూడో ఫ్లోర్ తాతగారు కర్ర పట్టుకుని అసెంబ్లీ ఎన్నికలప్పుడు వేసిన స్కూల్‌కే వెళ్లారు, తీరా ఈసారి పేరు వేరే బూత్‌లో ఉంది, వార్డుల లెక్కన లిస్టులు విడగొడితే అలా మారొచ్చు. ఆటో మాట్లాడి తీసుకెళ్లాం, వేలికి సిరా పెట్టించుకుని బయటికొచ్చారు.

మున్సిపల్ ఓటింగ్ ఎప్పుడున్నా సరే, ముందురోజే లిస్టులో పేరు, బూత్ చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లవి కూడా. పక్క ఫ్లాట్ వాళ్లని అడగండి, బండి లేకపోతే ఎక్కించుకెళ్లండి.