పిలవని పేరంటం

ఆఫ్రికా సువార్త యాత్ర అనగానే మా సంఘంలో అందరికీ ఒకటే బొమ్మ కనిపించింది: మట్టి గుడిసెలు, చెట్టు నీడ, మా మాట కోసం కాచుకుని కూర్చున్న జనం. దాచుకోవడమెందుకు, నా మనసులోదీ అదే బొమ్మ. బ్యాంకు ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్లయింది, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి, సరేనన్నాను. నెల్లూరు నుంచి ఆరుగురం బయలుదేరాం. రెండు పెట్టెల నిండా తెలుగు కరపత్రాలు. దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్లు ఉన్నారని విన్నామే గానీ, వాళ్లకు తెలుగు చదవడం వచ్చో రాదో కనుక్కోవాలని ఒక్కరికీ తోచలేదు.

డర్బన్ నుంచి వ్యానులో ఉత్తరానికి గంట ప్రయాణం. కుడివైపు సముద్రం, ఎడమవైపు గుట్టలెక్కి దిగే చెరకు తోటలు. క్వాదుకూజా చేరాం. పెద్దవాళ్ల నోట అది ఇంకా పాత పేరుతో స్టాంగరే. జులూ రాజు షాకాను 1828లో చంపింది ఇక్కడే. దానికి దగ్గరలోనే ఉంది కియర్స్నీ. మా పాస్టరుగారు వ్యాను ఆపించి, "రంగయ్యగారు వచ్చింది ఈ చోటికే" అన్నారు.

నాకు ఆ పేరు తెలియదు. సిగ్గుపడాల్సిన సంగతే. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన వైనం మాకు ఆదివారం బడిలో కంఠతా వచ్చు. ఆ కథలో మాకు గుర్తుండిపోయింది అమెరికా మిషనరీ క్లౌ దొరగారే. నీళ్లలో దిగి ఆ బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులన్న సంగతి ఎవరూ నొక్కి చెప్పలేదు. మిషనరీ అంటే ఓడ దిగి మన ఊరికి వచ్చే దొరేనన్న అభిప్రాయం అలా పాతుకుపోయింది.

మన ఊరి నుంచి ఓడ ఎక్కినవాళ్లూ ఉన్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలను డర్బన్‌కు చేర్చింది. 1911 దాకా అలా వచ్చినవాళ్లు లక్షన్నర మందికి పైనే. కియర్స్నీలో లీజ్ హ్యూలెట్ అనే దొరకు తేయాకు తోటలుండేవి. ఆ తోటల్లో పనికి కుదిరిన తెలుగు బాప్తిస్టులు తమకొక కాపరి కావాలని స్వదేశానికి కబురు పెట్టారు. 1903లో తెలుగు బాప్తిస్టుల హోం మిషన్ సొసైటీ జాన్ రంగయ్యగారిని నెల్లూరు నుంచి నేటాలుకు, అంటే డర్బన్ ఉన్న ఈ ప్రాంతానికి, పంపింది. ఆ డిసెంబరులోనే ఇక్కడ తెలుగు సంఘం ఏర్పడింది.

కూలీలు పిలిస్తే ఆయన వచ్చారు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

మర్నాడు పక్కనే ఉన్న గ్రౌట్‌విల్ వెళ్లాం, ఆల్బర్ట్ లుథూలి ఊరు. 1960 నోబెల్ శాంతి బహుమతి ఆయనదే. అక్కడి గుడి దగ్గర ఒక జులూ పెద్దాయన మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి, లుథూలి 1938లో క్రైస్తవ మహాసభకు మద్రాసు దగ్గరి తాంబరం వెళ్లివచ్చిన సంగతి చెప్పాడు. తర్వాత ఏ వ్యంగ్యమూ లేకుండా, "మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అని అడిగాడు. మాలో ఒకాయన "ప్రభువు" అన్నాడు. పెద్దాయన మర్యాదగా తలాడించాడు. ఆ మర్యాద నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆదివారం ఆరాధనంతా ఇంగ్లీషులోనే జరిగింది. చివర్లో నాలుగో తరం తెలుగు ఆడవాళ్లు ఒక పాత కీర్తన అందుకున్నారు. రాగం మనదే, మాటలు మనవే, చేతిలోని కాగితం మీద అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. పాడేవాళ్లలో చాలామందికి అర్థం తెలియదట. అయినా నాకు రెండో చరణానికే గొంతు పట్టేసింది. మా పెట్టెలు మూలన అలాగే ఉన్నాయి.

ఆరాధన అయ్యాక ఎనభై దాటిన ఒక అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. సంచిలోంచి ఒక నకలు కాగితం తీశారు. ఆమె నాయనమ్మ వచ్చిన ఓడ జాబితాలోని పుట అది: నంబరు, పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. జిల్లా నెల్లూరే. ఊరి పేరు మాత్రం ఏ గుమాస్తా చెవికి ఎలా వినబడిందో గానీ, నాకు అంతు చిక్కలేదు. ఐదు రకాలుగా పలికి చూశాను. పలికిన ప్రతిసారీ ఆమె ఆశగా నా మొహంలోకి చూశారు. "మీరు వెళ్లాక కనుక్కోండి" అన్నారు ఇంగ్లీషులో. చివర "నాయనా" అని మాత్రం తెలుగులో.

కరపత్రాలు రెండు పెట్టెలూ అక్కడే దించేసి వచ్చాం, ఏం చేశారో అడగలేదు. కాగితం నకలు నా దగ్గరుంది. తిరిగొచ్చి నాలుగు నెలలైంది. ఆత్మకూరు వైపు రెండు ఊళ్లు, ఉదయగిరి వైపు ఒకటి చూసి వచ్చాను. మూడోచోట టీ కొట్టు ముందు కూర్చున్న ముసలాయన కాగితం మీద పేరు నాతో మళ్లీ మళ్లీ చదివించుకుని, "ఇది మా ఊరు కాదయ్యా, కావలి వైపు అడుగు" అన్నాడు. వచ్చే సోమవారం అటే వెళుతున్నాను.