దుప్పులకు ఉప్పు ఇటుక పెడదామని పోతే…

మాది అచ్చంపేట దిక్కు, అడవి అంచున ఊరు. మా పల్లి చేను పక్కన వాగు, వాగు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. పోయిన యాసంగిల పల్లి మొలక లేత మీద ఉన్నప్పుడు రాత్రిపూట దుప్పులు వచ్చి కొసలు కొరికి పోతుండె, మా నాయన మంచె మీద కూసొని తెల్లారేదాక డబ్బా కొట్టేటోడు. నేనేమో ఫోన్‌ల వీడియోలు చూసి ఒక తెలివి తెచ్చుకున్న. అమెరికాల జింకలకు మినరల్ ఇటుకలు పెడ్తరు, అవి నాకుతయ్, బలం వస్తది, కొమ్ములు పెద్దగైతయ్ అని. మనం గూడ వాగు అవతల ఒక ఇటుక పెడితే దుప్పులు ఆడనే ఆగుతయ్ గదా, చేను దక్కుతది, వాటికీ మంచిదే. ఇంత సింపుల్ ఐడియా ఊర్ల ఎవ్వరికీ ఎందుకు రాలేదో అని గూడ అనుకున్న, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గయితది.

పశువుల మందుల షాపుకు పోయి నాకే ఇటుక కావాలంటే మూడు కిలోలది ఒకటి ఇచ్చిండు, నల్లగుంది, బెల్లం వాసన కొడుతుంది. బర్రెకా ఆవుకా అని అడిగితే బర్రెకే అని అబద్ధం చెప్పిన, దుప్పికి అంటే నవ్వుతడేమో అని. సంచిల ఏసుకొని వస్తుంటే మలుపు కాడ ఫారెస్టు బీట్ ఆఫీసర్ సారు కనవడ్డడు, మెచ్చుకుంటడనుకొని మొత్తం నేనే చెప్పిన.

సారు బండికి స్టాండ్ ఏసి దిగిండు. "తమ్మీ, అది పెట్టి చూడు, నీ మీద కేసు రాసేది నేనే" అన్నడు. 1972 వన్యప్రాణి చట్టంల వేట అంటే తుపాకీ పేల్చుడు ఒక్కటే కాదట, ఉచ్చు పెట్టుడు, తరుముడు, ఎర పెట్టుడు గూడ వేటనే. చేను గట్టున చీకట్ల ఉప్పు ఇటుక పెట్టి ఇది ఎర కాదు సారూ అంటే ఎవరు నమ్ముతరు? నాకైతే మస్తు కోపమొచ్చింది, మంచి చేద్దామంటే గిట్లంటడేంది అని. ఆయన ఇటుక చేతుల పట్టుకొని కవర్ మీద చిన్న అక్షరాలు చదివి చూపిచ్చిండు, అండ్ల యూరియా ఉంది. బర్రె పొట్టల ఉండే సూక్ష్మజీవులు కొద్దికొద్దిగ యూరియాను వాడుకొని ప్రోటీన్ చేస్తయ్, అందుకే మెల్లగ నాకే బర్రెకు ఏం గాదు. అడవిల వానకు అదే కరిగి గుంటల నిలిస్తే, ఆ నీళ్ళు కడుపునిండ తాగిన దుప్పి సచ్చిపోవచ్చు. గా మాట విన్నంక నా కోపం సగం దిగింది.

పోతపోత "అంత ప్రేముంటే ఎండాకాలానికి ముందు మేమే ఉప్పు దిబ్బలు ఏస్తం, పనికి రా" అన్నడు. పోయిన.

శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక బండ్లను ఇడువరు గదా, అందుకని ఆరు గొట్టంగనే మన్ననూర్ చెక్‌పోస్ట్ కాడికి చేరుకున్నం. సారు, నేను, ఇద్దరు చెంచు పిలగాండ్లు, ఒక తాత. ఆటోల దొడ్డుప్పు బస్తాలు, పశువులకు కలిపే మినరల్ మిక్చర్ పొట్లాలు, గడ్డపార, రెండు పారలు. ఖాళీ ప్లాస్టిక్ సంచి ఒక్కటి గూడ లోపల ఇడిసిపెట్టొద్దని సారు ముందే లెక్క రాసుకున్నడు.

లోపల సాసర్ పిట్ ఒకటి ఉంది, అంటే జంతువులు నీళ్ళు తాగనీకి పళ్ళెం లెక్క లోతు లేకుండ కట్టిన సిమెంట్ తొట్టి, ఎండాకాలం ట్యాంకర్‌తోనో సోలార్ బోరుతోనో నింపుతరు. ఉప్పు గూడ దాని పక్కనే పోస్తే పనైపోతది అనుకున్న నేను. తాత వినలె. "నీళ్ళు, ఉప్పు ఒక్కతాన పెడితే పులికి ఇస్తరేసినట్టే బిడ్డా" అన్నడు. ముందుగాల ఒకటి చూపిస్త రా అని వాగు పొంటి ముప్పావుగంట నడిపిచ్చిండు.

ఆడ చౌడు ఒడ్డు ఉంది. మోకాలెత్తున గట్టు లోపలికి గిన్నె లెక్క తొలిచినట్టుంది, ఎవరో గడ్డపారతో తవ్విండ్రనుకున్న. దగ్గరికి పోయి చెయ్యి పెడితే నున్నగ, నాలుకలతో నాకి నాకి అట్లయింది, అక్కడక్కడ పండ్ల గీతలు. కింద గిట్టల అచ్చులు, చిన్నయి చుక్కల దుప్పివి, నా అరచెయ్యంత ఉన్నవి కణుజువి, అంటే సాంబార్ జింకవి. తాత చిన్న పెళ్ళ ఇరిసి నా నాలుక మీద పెట్టిండు. ఉప్పగ, చివర్ల తుప్పు మేకు నాకినట్టు ఉంది. వీడియోలు చూసి నేనేదో కొత్తది కనిపెట్టిన అనుకుంటే, దుప్పులకు వాటి ఉప్పు కొట్టు ఎప్పటి నుంచో ఉంది.

సారు దారిల చెప్పిండు, అవి అసలు ఎతుక్కునేది సోడియం. గడ్డిల, ఆకులల్ల పొటాషియం దండిగ ఉంటది, సోడియం పేరుకే. తొలకరి పడి లేత గడ్డి మేస్తుంటే ఆ పొటాషియంను బయటికి పంపుకుంట ఒంట్ల ఉన్న సోడియం గూడ పోతది, పాలిచ్చే తల్లులకైతే ఇంకా కొరత. మగదానికి వేరే బాధ, కొమ్ములు రాలిపోయి మళ్ళ కొత్తగ మొలవాలె, కొమ్మంటే ఎముకనే, దానికి కాల్షియం, ఫాస్పరస్ కావాలె, తిండిల సాలకపోతే సొంత పక్కటెముకల నుంచి గుంజుకుంటదట. కానీ ఉట్టి ఫాస్ఫేట్ పొడి పోస్తే ఏ దుప్పీ మూతి పెట్టదు, ఉప్పుల కలిపితేనే లోపలికి పోతది. వాపస్ వస్తుంటే రాలిన కొమ్ము ఒకటి దొరికింది, ఒక పక్క కొరికిన గాట్లున్నయ్. దుప్పులు గూడ కొరుకుతయ్, ముండ్లపంది గూడ కొరుకుతది, ఇది ముండ్లపంది పనే అన్నడు తాత. ఆడనే ఇడిసిపెట్టినం, ఇంటికి తెచ్చుకుంటే అది ఇంకో కేసు.

పని చిన్నదే. అడుగు లోతు గుంట, దాంట్ల పుట్టమన్ను, దొడ్డుప్పు, రెండు దోసిళ్ళ మినరల్ పొడి, జర్ర నీళ్ళు చిలకరించి కాళ్ళతో తొక్కి దిబ్బ చేసుడే, అరగంట గూడ పట్టదు. టైమంతా జాగ చూసుకునుడుకే పోయింది. పశువులు మేసే దారి మీద ఉండొద్దు, ఒక్కతాన నాకితే మన గొడ్ల గాలికుంటు దుప్పులకు అంటుకుంటది. చెట్టు మొదట్ల వద్దు, ఉప్పు దిగి ఏర్లు మాడుతయ్. బాటకు కనవడొద్దు. అన్నిటికన్న ముందు చుట్టూ తిరిగి ఉచ్చులు చూడాలె, ఎందుకంటే ఉప్పున్న తావు వేటగాండ్లకు గూడ ఎర్కనే. నేను నడిచి దాటిపోయిన పొద కాడనే ఎనక వస్తున్న చెంచు పిలగాడు వంగి బండి క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు తీసిండు. తుప్పు వట్టింది గానీ ముడి ఇంకా జారుతుంది. నాకు ఒళ్ళు జల్లుమంది, నా ఇటుక పక్కన ఇసొంటిది ఎవడన్న పెట్టి ఉంటే?

అమెరికాల గూడ ఇప్పుడు చానా రాష్ట్రాలల్ల ఈ ఇటుకల మీద ఆంక్షలున్నయని తర్వాత చదివిన. 1967ల కొలరాడోల మొదటిసారి కనవడ్డ జింకల జబ్బు ఒకటుంది, చిక్కి చిక్కి సచ్చిపోతయ్, అది చొంగతోని, మూత్రంతోని మట్టిల చేరి ఏండ్లకేండ్లు ఉంటదట. అన్నీ ఒక్కతాన మూతి పెడితే ఇగ చెప్పేదేముంది. వీడియోల ఇవేం చెప్పలె.

మక్తల్ దిక్కున్న దోస్త్ ఒకడు మా దగ్గర కృష్ణ జింకలకు పెట్టాల్నా అని అడిగిండు. వాటి కొమ్ములు రాలనే రాలవు, పైగా ఆడ మందలు చేన్లల్లనే తిరుగుతున్నయ్, ఇంకా పిలుసుడెందుకురా అన్న.

దిబ్బల కాడ, చౌడు ఒడ్డు కాడ సారు పెట్టించిన కెమెరాల కార్డులు మూడు వారాలకు తీసి చూసినం. మేము ఏసినయి ఐదు దిబ్బలు. రెండిటి కాడికి ఒక్క జీవి రాలె. ఒకదాన్ని అడవి పందులు మొదటి రాత్రే తలకిందులు చేసినయ్. ఇంకోదాని మీద కొండముచ్చులు కూసొని దర్జాగ నాకుతున్నయ్. ఐదోదాని కాడ పదకొండో రోజు తెల్లారంగ ఆడదుప్పి ఒకటి, ఎనక పిల్ల. తల్లి నాకుతుంటే పిల్ల మట్టిల మూతి పెట్టి తల విదిలించుకుంది, నచ్చనట్టుంది. ఆ ఫోటోనే మళ్ళ మళ్ళ చూసిన. కొమ్ముల దుప్పి ఒక్కటే వచ్చింది, అదీ ఇంకా తోలు కప్పుకొని ఉన్న బొడిపె కొమ్ములతోని. తాత చూపిచ్చిన చౌడు ఒడ్డు కాడి కార్డు మాత్రం సగం రోజులకే నిండిపోయింది, రాత్రి రెండున్నరకు కణుజుల గుంపే ఉంది ఆడ.

చేను సంగతంటరా, దుప్పులు మళ్ళ వచ్చినయ్. ఉప్పుకు ఉప్పే, పల్లికి పల్లే. ఇంట్ల పాత చీరలన్నీ చుట్టూ కట్టినం, అమ్మ పెండ్లి చీర ఒకటి పొరపాటున పోయింది, దానికి ఇంకా తిడుతనే ఉంది. ఇటుకను కొట్టంల తాడేసి ఏలాడదీసిన. బర్రె దాన్ని నాకి నాకి అరిగిపోయిన సబ్బు బిళ్ళంత చేసింది, షాపాయనకు నేను చెప్పిన అబద్ధం అట్ల నిజమైంది.