నెమ్ము తగ్గాక

మాది ఆదిలాబాద్. చలికాలం టీవీల్లో అర్లి(టి), గిన్నెధరి, సిర్పూర్(యు) అంటూ పక్కన ఒక్క అంకెలో డిగ్రీలు వేస్తారే, ఆ చుట్టుపక్కలే మేం ఉండేది. ఆ ఏడు డిసెంబరులో ఇంటిల్లిపాదికీ జలుబు, జ్వరం వచ్చాయి. అందరికీ తగ్గాయి. నాకూ తగ్గినట్టే తగ్గి, స్కూలు డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాక మళ్లీ వణుకుతో జ్వరం పట్టుకుంది. ఈసారి గట్టిగా ఊపిరి తీస్తే కుడి డొక్కలో పోటు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

డాక్టరు గారు మొదట అడిగిందే "జ్వరం ఒకసారి తగ్గి మళ్లీ వచ్చిందా అమ్మా?" అని. ఫ్లూ వచ్చినప్పుడు శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతింటుందట. అదే అదనుగా బ్యాక్టీరియా కిందికి దిగుతుందట. వేలికి పెట్టిన ఆక్సీమీటరు రక్తంలో ఆక్సిజన్ 90 శాతమే చూపించింది. ఎక్స్‌రేలో నల్లగా కనిపించాల్సిన చోట, కుడివైపు కింద, తెల్లగా ఉంది. "నెమ్ము చేరింది, అంటే న్యుమోనియా. అడ్మిట్ కావాలి" అన్నారు. నాకు షుగర్ కూడా ఉంది కాబట్టి ఇక మారుమాట లేదు.

సెలైన్‌లో యాంటీబయాటిక్స్, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఆస్పత్రి గురించి అంతకు మించి చెప్పడానికేం లేదు గానీ, మూడు బంతుల డబ్బా గురించి మాత్రం చెప్పాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, పక్కపక్కనే మూడు గదులు, ఒక్కోదానిలో ఒక్కో రంగు బంతి, కింద నుంచి ఒక పైపు. గదుల మీద 600, 900, 1200 అని రాసి ఉంటుంది, సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల గాలి లోపలికి తీస్తే ఆ బంతి లేస్తుందో ఆ లెక్క. నేను పైపు నోట్లో పెట్టుకుని బలంగా ఊదాను. ఫిజియోథెరపీ అమ్మాయి నవ్వి, "ఊదొద్దు మేడమ్, పీల్చాలి. ముందు గాలంతా బయటికి వదిలేసి, పెదాలు బిగించి మెల్లగా లాగండి. బంతిని పైనే ఆపండి చూద్దాం" అంది. మొదటి బంతి అడుగున ఓసారి కదిలి ఊరుకుంది. దానికే దగ్గుతెర వచ్చి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ దగ్గే కావాలట. నెమ్ము పట్టిన చోట మూసుకుపోయిన గాలి గదులు తెరుచుకోవాలన్నా, కఫం కదలాలన్నా లోతుగా పీల్చాల్సిందే. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేయమంది. ఇంటికొచ్చాక మా మనవడు దాన్ని ఆటబొమ్మ అనుకుని ఒక్క పీల్పుకే మూడు బంతులూ లేపేశాడు. నాకు ఒళ్లు మండిన మాట నిజం.

జ్వరం పోయినంత తొందరగా నీరసం పోదు. తలస్నానం చేసి జడ వేసుకునేసరికి చేతులు వాలిపోయేవి. యాంటీబయాటిక్స్ దెబ్బకు నోరు చేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఇంకా తగ్గలేదా?" అనేవాళ్లు. ఈ జబ్బు తర్వాత దగ్గు కొన్ని వారాలు, నీరసం ఒక్కోసారి కొన్ని నెలలు ఉంటాయని డాక్టరు ముందే చెప్పబట్టి నాకు టెన్షన్ తగ్గింది గానీ, ప్రతి ఒక్కరికీ ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పలేక అలసిపోయాను.

నడక దగ్గర మా ఇంట్లో రెండు పార్టీలు. మా సారు చీకటితోనే స్టేడియంకి వెళ్లే మనిషి, "పొద్దున గాలి స్వచ్ఛంగా ఉంటది, రా" అంటారు. మా అత్తమ్మ, "ఎండ పొడవనీ బిడ్డా, సలి దిగినంక పోదువు" అంటుంది. డాక్టరు అత్తమ్మ పక్షం. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలకు అంటుకునే ఉంటుంది, పొగ పైకి పోదు. మా ఊళ్లో ఆ వేళకు సందు సందుకీ చలిమంటలే, అందులో టైర్లూ ప్లాస్టిక్ కవర్లూ. పత్తి బళ్లతో రాత్రే వచ్చిన రైతులు మార్కెట్ యార్డు దగ్గర వేసుకునే మంటలు సరేసరి, పాపం వాళ్లకు వేరే దారి లేదు. ఎండెక్కి నేల వేడెక్కితే గానీ ఆ పొగ పైకి లేవదు. బాగున్న ఛాతీకే అది మంచిది కాదు, నా ఛాతీకి అసలే పనికిరాదు.

అందుకని మొదట హాల్లోనే నడిచాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలడం. తర్వాత ఎనిమిదిన్నర దాటాక ముక్కుకు అడ్డంగా స్కార్ఫ్ కట్టుకుని మా వీధి చివర వేపచెట్టు దాకా. మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం చాలు, మాట తెగిపోతుంటే తగ్గించమన్నారు. పక్కన అత్తమ్మ ఉంటే మాటలకేం కొదవ!

తిండి విషయానికొస్తే, రెండు పూటలా కడుపునిండా తినలేక కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తిన్నాను. జొన్నరొట్టె, మెంతికూర పప్పు, ఉడికించిన గుడ్డు, రాత్రికి మిరియాల చారు. సంక్రాంతి కావడంతో ఎవరొచ్చినా నువ్వుల లడ్డూలే. బెల్లం నాకు పడదు కాబట్టి అవన్నీ మనవడి పాలయ్యాయి, నేను రొట్టెలోకి నువ్వుల పొడి చేసుకున్నాను. జామపండు తింటే దగ్గు పెరుగుతుందని అందరూ భయపెట్టారు. డాక్టరు భేషుగ్గా తినమన్నారు, సి విటమిన్ నారింజలో కన్నా అందులోనే ఎక్కువట. చలికి దాహం తెలీదు, అందుకే గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు కళ్లెదురుగా పెట్టుకునేదాన్ని.

ఇంటి వైద్యాలకు లోటే లేదు. ఆవిరి పడితే ముక్కు తెరుచుకుని హాయిగా ఉండేది, ఉత్త వేడినీళ్లే చాలు, పిల్లలు తిరిగేచోట మాత్రం ఆ గిన్నె పెట్టకూడదు. నెమ్మును కరిగించేది ఆవిరి కాదు, మందే. ఒకావిడ రోజూ ముక్కులో నూనె చుక్కలు వేసుకోమంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అదే ఇంకో రకం నెమ్ము తెస్తుందని డాక్టరు వద్దన్నారు. అత్తమ్మతో పేచీ వచ్చింది కుంపటి దగ్గరే. తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ఆవిడకు చిన్నప్పటి అలవాటు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎంత చెప్పినా వినలేదు. చివరికి రబ్బరు వేడినీళ్ల సంచి కొనిచ్చి, గొంగడి మీద ఇంకో చెద్దరు కప్పాక గానీ కుంపటి వాకిట్లోకి రాలేదు.

ఆరు వారాలకు తీసిన ఎక్స్‌రేలో తెలుపు పోయింది. ఇప్పుడు ఏటా చలికాలం ముందే ఫ్లూ టీకా వేయించుకుంటున్నాను, షుగర్ ఉన్నందుకు నెమ్ము రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా కూడా వేశారు. మా సారు మాత్రం ఇంకా అయిదింటికే మంకీ క్యాప్ పెట్టుకుని తయారు. అందుకే డిసెంబరు, జనవరిల్లో గేటు తాళంచెవి అత్తమ్మ బొడ్లో ఉంటుంది.