చెరువు ఆటకి చందా: మా కిక్‌స్టార్టర్ అనుభవం

మా వీడియో గేమ్‌లో తుపాకులు లేవు. ఊరి చెరువు తూము ఎత్తి, కాలువలు మళ్లించి, ఆయకట్టులో చివరి మడి దాకా నీళ్లు అందించాలి. బొమ్మలు వేసే ఫ్రెండ్ హన్మకొండలో ఉంటాడు, కోడ్ రాసే నేను డాలస్‌లో. కిక్‌స్టార్టర్ అంటే కొత్త ప్రాజెక్టులకి జనం దగ్గర ముందుగానే డబ్బు పోగేసే వెబ్‌సైట్. అక్కడ ప్రాజెక్టు పెట్టగలిగే దేశాల్లో ఇండియా లేదు కాబట్టి నా పేరు మీదే పెట్టాం.

అక్కడ లక్ష్యం చేరకపోతే ఒక్క డాలరు కూడా చేతికి రాదు. అందుకే ఎంత అడగాలన్నదే పెద్ద టెన్షన్. 2012లో డబుల్ ఫైన్ అనే అమెరికా గేమ్ కంపెనీ వాళ్లు 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు దాటాయి. కానీ వాళ్లకి అప్పటికే ఎన్నో ఏళ్ల అభిమానులున్నారు. పుణె వాళ్ల ‘రాజీ’ చూడండి, అంత అందమైన ఆట కూడా 2017లో అక్కడ లక్ష్యం అందుకోలేదు. చివరికి 2020లో విడుదలైంది. మేం బొమ్మలకీ సౌండ్‌కీ సరిపడా మాత్రమే అడిగాం.

పేజీ తెరిచేలోపే జనాన్ని కూడగట్టాలి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో డెమో పెట్టాం. ఎండిన కాలువలో నీళ్లు పాకుతూ వచ్చి, గట్టు తెగి పక్క మడిలోకి పోయే చిన్న వీడియో ఒకటి వదిలాం. మేం రాసిన పేజీల కంటే ఆ వీడియోకే ఎక్కువమంది వచ్చారు.

మొదట్లో ఊపుగా సాగింది, మధ్యలో చప్పబడింది. అప్పుడు మనవాళ్లని అడిగాను. “ఫోన్‌పే నంబర్ పంపరా, ఇప్పుడే కొట్టేస్తా” అన్నాడు బాబాయ్. అక్కడ యూపీఐ లేదు, కార్డే కావాలి. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల మన కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. వీడియో కాల్‌లో బాబాయ్‌తో బ్యాంకు యాప్ తెరిపించి ఆ స్విచ్ నొక్కించాను. తీరా చూస్తే డబ్బు కట్ అయ్యేది గడువు ముగిశాకే! ఈలోగా భయంతో కొందరు స్విచ్ మళ్లీ ఆపేశారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్లీ ఆన్ చేయించాల్సి వచ్చింది.

గడువు దగ్గరపడ్డాక లక్ష్యం దాటాం. అందులో కిక్‌స్టార్టర్ వాటా 5 శాతం, కార్డు ఛార్జీలు వేరే. మిగిలింది ఇక్కడ అమెరికా పన్ను లెక్కలో ఆదాయం కిందకే వస్తుంది. డబ్బు పెట్టినవాళ్లకి కానుకగా టీషర్టులు ఇవ్వమని చాలామంది అన్నా నేను ఒప్పుకోలేదు. ఆట కోసం ఇచ్చిన డబ్బు పోస్టేజీకి పోకూడదు.

మొదటి అడ్వాన్స్ సౌండ్ చేసే అమ్మాయికి ఇచ్చాం. ఆమె పాకాల చెరువుకి వెళ్లి నీళ్ల చప్పుడు రికార్డు చేసి పంపింది. డబ్బు పెట్టినవాళ్లకి పంపిన తాజా బిల్డ్‌లో, అంటే ఆట కొత్త వెర్షన్‌లో, ఉన్నది అదే.