ఎమ్యులేటర్‌తో నా మూడు రోజుల కుస్తీ

నేను రాస్తున్న యాప్‌ని ఫోన్‌కి కేబుల్ పెట్టి పరీక్షిస్తుంటా, ఆ ఫోన్ ఛార్జింగ్ పోర్టు లూజయిపోయింది. కేబుల్ కాస్త కదిలితే చాలు, కోడ్ రన్ అవుతుండగానే కనెక్షన్ పోతుంది. ఇక లాభం లేదని ఆండ్రాయిడ్ స్టూడియోలో (యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వర్చువల్ డివైస్, అంటే లాప్‌టాప్ తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోన్, పెట్టుకుందామనుకున్నా. దాన్ని నడిపేదే ఎమ్యులేటర్. డివైస్ మేనేజర్ తెరిచి, పిక్సెల్ మోడల్ ఒకటి ఎంచుకుని, సిస్టమ్ ఇమేజ్ (ఆ ఫోన్‌లో నడవాల్సిన ఆండ్రాయిడ్) డౌన్‌లోడ్‌కి పెట్టేదాకా బాగానే సాగింది (అది జీబీ పైమాటే, మా హాస్టల్ వైఫైలో తెల్లారిపోయిందనుకోండి, అది వేరే సంగతి).

ప్లే బటన్ నొక్కితే ఎర్రర్. హైపర్‌వైజర్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో మెషీన్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) లేదట. నెట్‌లో పాత సలహాలన్నీ హ్యాక్సమ్ అనే హైపర్‌వైజర్ వేసుకోమంటాయి, నేనూ ఒక పూటంతా దానికే తగలేశాక తెలిసింది, దాన్ని ఇంటెల్ వాళ్లు ఎప్పుడో ఆపేశారని. ఈలోగా లాప్‌టాప్‌దే తప్పనుకుని కొత్త ర్యామ్ ధరలు కూడా చూసేశా. చివరికి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే కింద ఓ మూల చిన్న అక్షరాల్లో, వర్చువలైజేషన్: డిసేబుల్డ్! అంటే హైపర్‌వైజర్‌కి కావాల్సిన ప్రాసెసర్ సదుపాయమే ఆఫ్‌లో ఉంది. రీస్టార్ట్ చేసి ఎఫ్2 టపటపా నొక్కి బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) దాన్ని ఆన్ చేశా, విండోస్ ఫీచర్స్‌లో హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్‌కి టిక్ పెట్టి మళ్లీ రీస్టార్ట్ చేశా. ఈసారి ఫ్యాన్ మిక్సీలా మోగింది గానీ ఫోన్ లేచింది. నాది 8 జీబీ లాప్‌టాప్, అందుకే ఎమ్యులేటర్ తెరిచినప్పుడు క్రోమ్ మూసేస్తా, రెండూ కలిసి బతకలేవు.

ఇంతలో ఇంకో టెన్షన్. యాప్ నా లాప్‌టాప్‌లోని సర్వర్‌ని అందుకోదు. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:3000 చక్కగా తెరుచుకుంటుంది, యాప్‌లో మాత్రం కనెక్షన్ రిఫ్యూజ్డ్. గంటన్నర జుట్టు పీక్కున్నాక వెలిగింది: లోకల్‌హోస్ట్ అంటే ‘ఈ మెషీనే’ అని, కాబట్టి ఎమ్యులేటర్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే, నా లాప్‌టాప్ కాదు. ఎమ్యులేటర్ లోంచి లాప్‌టాప్‌ని చేరే అడ్రస్ 10.0.2.2. అది మార్చాక కూడా పని చేయలేదు, ఎందుకంటే ఆండ్రాయిడ్ 9 నుంచి మామూలు హెచ్‌టీటీపీని (ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్‌ని) డిఫాల్ట్‌గా ఆపేస్తారు, డీబగ్ బిల్డ్ (పరీక్షకి వాడే వెర్షన్) వరకు మేనిఫెస్ట్‌లో, అంటే యాప్ వివరాలు రాసే ఫైల్లో, అనుమతి ఇచ్చుకోవాలి.

నేను చేస్తున్నది దగ్గర్లోని బస్టాపులు చూపే యాప్. అన్నీ కుదిరాక ఆశగా తెరిస్తే మ్యాప్ తీసుకెళ్లి కాలిఫోర్నియాలో గూగుల్ ఆఫీసు దగ్గర నిలబెట్టింది, ఎమ్యులేటర్‌కి డిఫాల్ట్ లొకేషన్ అదే మరి. పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, లొకేషన్‌లో విజయవాడ బెంజ్ సర్కిల్ వెతికి పెట్టా. అప్పుడొచ్చాయి నా బస్టాపులు.