పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడే పిల్లలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి రామమందిరం అరుగు మీద సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. ఫీజు లేదు. ఆరో తరగతి నుంచి మెట్రిక్ దాకా పదిహేను, ఇరవై మంది వస్తారు. చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఇద్దరు ముగ్గురికి సవర.

నాలుగేళ్ల కిందట ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. అల్లరివాడని పేరు. ఒకరోజు గుడి కుళాయి ఎవరో వదిలేసి పోతే, వాడు లెక్క మధ్యలో లేచి వెళ్లి కట్టేసి, కింద పొంగుతున్న బకెట్టు తీసి తులసికోట దగ్గర పోసి వచ్చాడు. ఎవరూ చెప్పలేదు. నాకు ముచ్చటేసి పేరు పెట్టి పిలిచాను. అంతే, భుజాలు పైకెత్తేసి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, "నాను కాదు మేస్టారూ!" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వాడి పేరు వాడికి ఎప్పుడు వినిపిస్తోంది? ఇంట్లో ఏదైనా పగిలితే, బడిలో గోల జరిగితే, కొట్టు దగ్గర ఏదైనా పోతే. మంచి పని చేసినప్పుడు మనం ఊరుకుంటాం, ఎందుకంటే అది చెయ్యాల్సిన పనే కదా అనుకుంటాం. మర్నాడు సాయంత్రం నేను ఎవర్ని ఎందుకు పిలుస్తున్నానో నోట్‌బుక్ చివరి పేజీలో గీతలు పెట్టి చూసుకున్నాను, రెండు గంటల్లో మంచికి పిలిచింది ఒక్కసారి.

2009 విద్యా హక్కు చట్టం, 17వ సెక్షన్, బడిలో పిల్లల్ని కొట్టకూడదని, మనసు నొప్పించేలా వేధించకూడదని స్పష్టంగా చెప్పింది. బెత్తం చాలాచోట్ల మూల పడింది, సంతోషం. కానీ దాని చోట ఏం పెట్టాం? చాలామంది నోరు పెట్టారు. "నువ్వెందుకూ పనికిరావు" అనే మాట వీపు మీద తేలదు కాబట్టి దెబ్బ కాదనుకుంటున్నాం.

మెచ్చుకోవడం కూడా ఊరికే రాదు, నేర్చుకోవాలి. మొదట్లో నేను అందరికీ "వెరీ గుడ్", "తెలివైనోడివిరా" అని పంచిపెట్టేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. తెలివైనవాళ్లంటూ పొగిడించుకున్న పిల్లలు ఆ తర్వాత తేలిక ప్రశ్నల వైపు మొగ్గారట, ఆ పేరు ఎక్కడ పోతుందోనని. కష్టపడ్డావని మెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది కష్టమైనవే కావాలన్నారు. అందుకని ఇప్పుడు ఏం చేశాడో అదే చెబుతాను: "మూడుసార్లు తప్పొచ్చినా పేజీ తిప్పకుండా నాలుగోసారి చేశావు, చూశాను". అప్పటికప్పుడే చెప్పాలి, వారం తర్వాత చెబితే వాడికి గుర్తుండదు. ఇంకోటి, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల్ని నలుగురిలో పొగిడితే సిగ్గుపడతారు, తోటివాళ్లు ఏడిపిస్తారు కూడా. వాళ్లకి చెప్పులేసుకుంటున్నప్పుడు పక్కన నిలబడి మెల్లిగా చెబితే చాలు.

ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి. ఆ కుర్రాడి తల్లి బజార్లో కనబడితే "మీవాడు..." అన్నానో లేదో, కూరల సంచీ కింద పెట్టేసి "ఏటి చేసినాడు బాబూ?" అంది, గొంతు వణుకుతోంది. కుళాయి సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, వాడి గురించి బయటివాళ్లు మంచి చెప్పడం ఇదే మొదలు అంది.

ఒక్కోసారి మనం చెడు అనుకునేది చెడే కాదు. హాస్టల్ నుంచి వచ్చే సవర కుర్రాడు అడిగితే బదులు చెప్పేవాడు కాదు, పొగరనుకున్నాను. వాడికి నా ప్రశ్నే అర్థం కాలేదని చాలా రోజులకి తెలిసింది. 1880లో ఇదే ఊరికి మేష్టారుగా వచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష తాను నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకి బళ్లు పెట్టారు. ఆయన తిరిగిన ఊళ్లో ఉండి నేను ఆ పిల్లవాడితో అలా ప్రవర్తించాను. ఇప్పుడు లెక్క మొదలుపెట్టే ముందు వాణ్ణే సవరలో చెప్పమంటాను. వాడు చెబుతుంటే మిగతావాళ్లు నేర్చుకుంటున్నారు.

వీధి సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు కూలిపోయాయి. మా వీధిలో గొడ్డళ్లు పట్టుకుని ముందు దిగింది ఎవరు? కల్వర్టు మీద కూర్చుంటారని మనం రోజూ తిట్టే కుర్రాళ్లే. ముసలివాళ్లున్న ఇళ్లకి బిందెలతో నీళ్లు మోశారు. కరెంటు వచ్చింది, రోడ్డు బాగయింది, నెల తిరక్కుండా మళ్లీ వాళ్లని రౌడీలన్నాం. ఆ పది రోజులూ వాళ్ల చేతిలో పని ఉంది, ఊరికి వాళ్లతో అవసరం ఉంది. అవి రెండూ మనమే తీసేశాం. ఇప్పుడు రథయాత్రకి మా వీధి తరఫున మంచినీళ్ల పందిరి, దాని డబ్బుల లెక్కతో సహా, ఆ వయసు పిల్లలకే వదిలేస్తున్నాం. పెద్దవాళ్లం అడిగితే సలహా చెబుతాం, అడక్కపోతే లేదు.

బడి దగ్గర గుట్కా పొట్లాలు కనబడితే ముందు పిల్లల్ని పట్టుకుంటాం. 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ఎక్కడా అమ్మకూడదు. తప్పు ముందు ఎవరిది? మేం నలుగురం వెళ్లి కొట్టతనితో కూర్చుని మాట్లాడాం, రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ బిస్కట్లూ పెన్నులూ వేలాడుతున్నాయి.

ఆ కుర్రాడు ఇప్పుడు ప్లస్ టూ చదువుతున్నాడు. లెక్కల్లో గొప్పవాడేం కాలేదు, అల్లరీ పూర్తిగా పోలేదు. మొన్న అరుగు మీద చిన్నవాళ్లకి భిన్నాలు చెబుతుంటే వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వెనక్కి తిరిగి, "వస్తన్నా మేస్టారూ, ఈడికి ఇదొక్కటీ చెప్పేసి" అన్నాడు.