సగంలో ఉన్న పుస్తకాలు

ఆదివారం, రాత్రి

ఇవాళ క్లబ్బులో అందరూ కలిసి చదివిన పుస్తకమంటూ ఏదీ లేదు. "ఇప్పుడు మీ చేతిలో ఏముంది?" అన్న ఒక్క ప్రశ్న మీదే గంటసేపు కూర్చున్నాం. 12 మంది, మనిషికి 3 నిమిషాలు, అంటే 36. ఒకరు ముగించి ఇంకొకరు అందుకునేలోపు అర నిమిషం ఎలాగూ పోతుంది కాబట్టి 42 దాకా వస్తుంది. మిగిలిన 18 నిమిషాలు ప్రశ్నలకు. మనిషికి 5 నిమిషాలిస్తే గంటంతా అక్కడే అయిపోయి ఒక్క ప్రశ్నకూ చోటుండదు. 2 నిమిషాలే ఇస్తే పుస్తకం పేరు, రచయిత పేరు, బాగుంది అన్న మాటతో సరి. జనం 12 మంది దాటితే రెండు గుంపులుగా కూర్చోవడమే మేలు.

ఈ వంతుకు, పుస్తక సమీక్షకు చాలా తేడా ఉంది. పుస్తకం పూర్తి చేసిన మనిషి దగ్గర ఒక అభిప్రాయం ఉంటుంది. సగంలో ఉన్న మనిషి దగ్గర అనుమానాలు, చిరాకులు, ఎదురుచూపులు ఇంకా పచ్చిగా ఉంటాయి. ఏ పాత్రను నమ్మాలో తేల్చుకోలేదు, ఏదో ఒక అధ్యాయం దగ్గర బండి కదలడం లేదు, రచయిత ఒక సంగతి కావాలనే దాచిపెడుతున్నాడని తోస్తోంది. చివరి పేజీ దాటగానే ఇవన్నీ మాసిపోతాయి. ముగింపు నచ్చితే మధ్యలో పడ్డ విసుగు గుర్తుకు రాదు. నచ్చకపోతే మధ్యలో కలిగిన సంతోషాన్ని కూడా మనమే కొట్టిపారేస్తాం. అందుకే "పూర్తయ్యాక చెబుతాలెండి" అని తప్పుకోబోయే వాళ్లను ఇప్పుడే చెప్పమని గట్టిగా అడగాలి. పూర్తయ్యాక చెప్పేది వేరే మాట. అది ఇంకో రోజు వినొచ్చు.

చెప్పేవాళ్లకు ఒక చిన్న వరస ఉంటే చాలు. పుస్తకం పేరు, రచయిత, అనువాదమైతే ఏ భాష నుంచి ఎవరు చేశారో. ఆ తర్వాత ఎక్కడిదాకా వచ్చారు. ఆ తర్వాత చదివినదాంట్లోంచి ఒకే ఒక్క చోటు: ఒక దృశ్యమో, ఒక వాదమో, ఒక వాక్యమో. చివరగా, ముందుకు లాగుతున్నదేమిటి లేదా అడ్డం పడుతున్నదేమిటి. వీటన్నిటిలో నాకు ముఖ్యమైనది ఆ ఒక్క చోటు. అది ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇవాళ జీవితచరిత్ర చదువుతున్న ఒకరు ఆ మహానుభావుడి ఘనకార్యాలన్నీ పక్కన పెట్టి, ఆయన తన ఉత్తరాలకు జవాబులు రాసే పద్ధతి గురించి మాత్రమే చెప్పారు. వచ్చిన ఉత్తరం వెనకవైపే జవాబు చిత్తుప్రతి రాసుకుని, సాపు చేసి పంపి, చిత్తుప్రతిని దాచుకునేవాడట. ప్రశ్న, జవాబు ఒకే కాగితం మీద మిగిలాయి కాబట్టే జీవితచరిత్ర రాసినాయనకు పని సులువైంది. ఆ పుస్తకం ఎలాంటి ఆధారాల మీద నిలబడిందో అందరికీ అర్థమైపోయింది. ఇద్దరు పుస్తకం పేరు రాసుకున్నారు.

ఈ వంతు చెడిపోయేది ఎక్కువగా కథ చెప్పడం వల్ల. మొదటి అధ్యాయం నుంచి ఎత్తుకుంటే 3 నిమిషాలు అయ్యేసరికి కథానాయకుడు ఇంకా ఇల్లు దాటడు. చెప్పేవాళ్ల తప్పు కాదిది. "దేని గురించి?" అని మనం అడిగితే ఎవరైనా కథే చెబుతారు. ప్రశ్న మార్చాలి. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అన్న జవాబు తప్ప ఇంకేమీ రాదు. "చివరిసారి పుస్తకం ఎక్కడ మూశారు? అక్కడే ఎందుకు మూశారు?" అని అడిగితే మనిషి నేరుగా ఒక పేజీలోకి వెళ్లిపోతాడు. ఇవాళ ఒకరిని సరిగ్గా ఇదే అడిగితే, రెండు పాత్రల మధ్య గొడవ మొదలవ్వబోతుంటే భరించలేక మూసేశామని చెప్పారు. ఆ నవల మీద అంతకంటే మంచి సిఫారసు ఏముంటుంది!

మొదటి రెండు నిమిషాలు పుస్తకం మూసి ఉంచే మాట్లాడాలన్నది నేను పట్టుబట్టే నియమం. దీనికి కారణం ఉంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలిచ్చి చదివించారు. ఆ తర్వాత కొన్నిటిని మళ్లీ చదవమన్నారు, కొన్నిటిని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవే కాస్త ఎక్కువ గుర్తున్నాయి: 81 శాతం, చూడకుండా రాసినవి 75 శాతం. వారం తర్వాత పెడితే అది తిరగబడింది. చూడకుండా రాసినవి 56 శాతం, మళ్లీ చదివినవి 42 శాతం. పుస్తకం మూసి పదిమంది ముందు గుర్తు తెచ్చుకుని చెప్పడం కూడా ఇలాంటి పనే. తడుముకున్నా ఫరవాలేదు, ఆ తడుముకోవడంలోనే మేలు ఉంది. మూడో నిమిషంలో పుస్తకం తెరిచి, ముందే కాగితం ముక్క పెట్టుకున్న చోటు నుంచి ఐదారు వాక్యాలు చదివితే సరిపోతుంది. కాగితం పెట్టుకోకపోతే ఆ చోటు వెతకడానికే నిమిషం గడిచిపోతుంది.

ఎక్కడిదాకా వచ్చారన్న సంగతిలో ఎప్పుడూ గందరగోళమే. "142వ పేజీలో ఉన్నాను" అంటే అదే పుస్తకం చదువుతున్న పక్కవాళ్లకు ఏమీ తెలియదు. ముద్రణ మారితే పేజీ మారుతుంది. గట్టి అట్ట ప్రతికీ మామూలు అట్ట ప్రతికీ తేడా వస్తుంది. ఇ-పుస్తకంలోనైతే అక్షరం పెద్దది చేసుకుంటే తెరలు పెరుగుతాయి. అధ్యాయం సంఖ్య చెప్పడమొక్కటే అందరికీ పనికొచ్చేది. అధ్యాయాలు లేని పుస్తకమైతే "మూడో వంతు దాటాను" అంటే చాలు. ఇ-పుస్తకం చూపించే శాతాన్నీ పూర్తిగా నమ్మకూడదు. నవలకు అది సరిపోతుంది కానీ చరిత్ర, విజ్ఞానం లాంటి పుస్తకాల్లో చివరనున్న వివరణలు, ఆధారాల పట్టిక, పదసూచిక కూడా అందులో కలుస్తాయి. ఇవాళ 68 శాతం దగ్గర ఉన్నామని చెప్పినవారికి నిజానికి మిగిలింది ఒక్క అధ్యాయమే. విషయసూచిక తెరిచి చూపిస్తే వాళ్లే ఆశ్చర్యపోయారు.

ఆడియో పుస్తకం వినేవాళ్లు గంటల్లో చెబుతారు. ఇంగ్లీషు ఆడియో పుస్తకాలు సాధారణంగా నిమిషానికి 150 మాటల చుట్టుపక్కల నడుస్తాయి. ఆ లెక్కన 90,000 మాటల నవల 10 గంటలు. ఈ అంకెను తెలుగుకు తెచ్చి పెట్టుకోకూడదు. విభక్తులు, క్రియల ముగింపులు మాటలోనే కలిసిపోతాయి కాబట్టి మన మాట పొడవు, అందువల్ల నిమిషానికి పట్టే మాటలు తక్కువ. ఒక పేజీ పైకి చదివి గడియారం చూసుకుంటే సరి. పేజీకి 2 నిమిషాలు పడితే 240 పేజీల పుస్తకం 8 గంటలు. వినేవాళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పేర్లు చెవితో పట్టుకున్నవే కాబట్టి వాళ్లు పలికిన పేరుతో పుస్తకం వెతికితే దొరకదు. సమావేశానికి వచ్చేముందు రచయిత పేరు, ముఖ్యపాత్రల పేర్లు తెర మీద చూసి రాసుకుని రావాలి.

నోట్‌బుక్కులో ఇవాళ ఎవరు ఏం చదువుతున్నారో ఒక్కో వరసగా రాస్తుంటే కాపీరైటు పేజీ ఎంత పనికొస్తుందో మళ్లీ అనిపించింది. ఎవరూ చూడని పేజీ అది. ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, అనువాదానికి మూలమేమిటో అన్నీ అక్కడే ఉంటాయి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉంటే ఇంకా మంచిది. 2007 జనవరి నుంచి అది 13 అంకెలు, 978తోనో 979తోనో మొదలవుతుంది. పాత పుస్తకాల్లో 10 అంకెలే ఉంటాయి. గట్టి అట్టకు ఒకటి, మామూలు అట్టకు ఒకటి, ఇ-పుస్తకానికి ఒకటి వేర్వేరుగా ఇస్తారు కాబట్టి ఆ నంబరు రాసుకున్న మనిషి సరిగ్గా ఆ ప్రతినే తెప్పించుకోగలడు. ఒకే నవలకు మూడు అనువాదాలు ఉన్నప్పుడు ఇది తప్పనిసరి. ఒకరు మెచ్చుకున్న అనువాదం ఒకటి, ఇంకొకరు కొన్నది మరొకటి అయితే తర్వాతి సమావేశంలో నిరాశ ఖాయం.

ఆన్‌లైన్లో చేరిన ఇద్దరు అట్ట చూపించబోయి ఆగిపోయారు. తమ తెర మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయని పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పారు. ఆ తిరగబాటు వాళ్ల తెర మీదే. అవతలివాళ్లకు సరిగ్గానే కనిపిస్తుంది. అట్ట చూపించేటప్పుడు నేపథ్య చిత్రం పెట్టుకుంటే మాత్రం పుస్తకం సగం మాయమవుతుంది, అది తీసేయాలి.

అపరాధ పరిశోధన నవల వచ్చినప్పుడు అందరూ జాగ్రత్తపడ్డారు. ముగింపు ముందే తెలిస్తే ఆనందం పోతుందా అన్నదాని మీద లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముగింపు ముందే చెప్పిన కథలు చదువరులకు కాస్త ఎక్కువగానే నచ్చాయని అందులో తేలింది. అయితే అవి చిన్న కథలు. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో దీనికి భిన్నమైన ఫలితాలూ వచ్చాయి. రెండు వారాలుగా ఒక నవల మోస్తున్న మనిషికి హంతకుడి పేరు చెప్పడం మటుకు అన్యాయమే. వెనక అట్ట మీద ఉన్నంత వరకు, లేదా మొదటి పావు వంతు వరకు మాట్లాడవచ్చు, అంతకు మించితే ముందు అడగాలి. చదువుతున్నవారు తమ అనుమానం చెప్పొచ్చు. చెప్పినప్పుడు, ఆ పుస్తకం ఇంతకుముందే చదివేసినవాళ్లు నోరు మాత్రమే కాదు, మొహం కూడా అదుపులో పెట్టుకోవాలి. చిన్న నవ్వు నవ్వినా, "మీరు చదవండి, తెలుస్తుంది" అన్నా సగం చెప్పేసినట్టే.

కవిత్వం తెచ్చినవారికి వేరే పద్ధతి. దాని గురించి చెప్పడం కంటే చదవడమే మంచిది, అదీ రెండుసార్లు. మొదటిసారి చెవికి నడక అందుతుంది, రెండోసారికి అర్థం అందుతుంది. 15, 20 పాదాల కవితకు ఒక్కోసారికి నిమిషం చాలు. రెండు చదువుల మధ్య ఎవరూ మాట్లాడకూడదు. ఇవాళ ఎవరూ మాట్లాడలేదు, రెండో చదువులో మూడో పాదం దగ్గర చాలామంది తలలు ఎత్తారు. అక్కడ ఒకే మాట రెండుసార్లు వస్తుంది, రెండుసార్లకూ అర్థం వేరు.

"ఏమీ చదవడం లేదు" అన్న జవాబునూ గౌరవంగా తీసుకోవాలి. సంజాయిషీ అడిగితే ఆ మనిషి వచ్చేసారి రాడు. కానీ ఒకటి అడగొచ్చు: ఏదైనా మధ్యలో ఆపేశారా? ఎక్కడ? ఈ సమాధానాలు నాకు ఎంతో విలువైనవి. ఎందుకంటే ఆపేయడానికి కారణం చాలాసార్లు పుస్తకం కాదు. సన్నని అక్షరం. నిద్రకు ముందు మాత్రమే తెరవడం. లేదా పేర్లు. ఇవాళ ఒకరు రష్యన్ నవల అరవై పేజీల దగ్గర వదిలేశామన్నారు, పాత్రలు లెక్కకు అందడం లేదని. అక్కడ ఒకే మనిషిని ఒకరు ఇంటిపేరుతో, ఒకరు సొంతపేరుకు తండ్రిపేరు జోడించి, ఇంట్లోవాళ్లు ముద్దుపేరుతో పిలుస్తారు. అలెక్సాండర్ అంటే సాషా, మరియా అంటే మాషా, ద్మీత్రీ అంటే మీత్యా. ఇరవై మంది అనుకున్నది విప్పి చూస్తే ఏడెనిమిది మందే. పోస్టుకార్డంత కాగితం తీసుకుని, మనిషికో వరస కేటాయించి, కొత్త పిలుపు వచ్చినప్పుడల్లా అదే వరసలో చేర్చుకుంటూ పోవాలి. మొదటి యాభై పేజీలకు ఈ శ్రమ పడితే తర్వాత కాగితం అవసరమే రాదు, అదే బుక్‌మార్కుగా మిగులుతుంది. అక్కడికక్కడే ఆ పుస్తకం తెరిపించి, మొదటి రెండు అధ్యాయాలకు కాగితం ఎలా నింపాలో నలుగురూ కలిసి చేసి చూపించారు. వాళ్లు పుస్తకాన్ని మళ్లీ మొదలుపెడతామన్నారు.

నిజంగా పుస్తకమే సరిపడకపోతే ఆపేయడం మంచిదే. సిఫారసు చేసినవాళ్లు నొచ్చుకుంటారని చెప్పకుండా దాచడం మంచిది కాదు. "ఇది నాకు ఫలానా అధ్యాయం దగ్గర ఆగింది, కారణం ఇది" అంటే నొచ్చుకునేదేమీ ఉండదు. "ఇందులో ఏముందని ఇచ్చారు?" అంటేనే చిక్కు.

వరసలో ఎవరితో మొదలుపెట్టాలన్నది ముందే ఆలోచించుకోవాలి. మొదటివారు ఎంతసేపు మాట్లాడితే మిగతావాళ్లూ దాదాపు అంతసేపే మాట్లాడతారు. అందుకని పొదుపుగా మాట్లాడే అలవాటున్నవారికే మొదటి వంతు. కొత్తగా వచ్చినవారిని మూడో నాలుగో చోట కూర్చోబెడితే అప్పటికి పద్ధతి అర్థమై ఉంటుంది, చివరిదాకా ఎదురుచూసే బెరుకూ ఉండదు. ఒకేసారి నాలుగైదు పుస్తకాలు చదివేవాళ్లు వాటన్నిటి పేర్లూ నోట్‌బుక్కులో రాయించవచ్చు, మాట్లాడేది మాత్రం ఒక్కదాని గురించే.

ఇవాళ ఇద్దరి చేతుల్లో ఒకే నవల బయటపడింది, ఒకరు ఐదో అధ్యాయంలో, ఇంకొకరు పదకొండులో. ముందున్నవారు ఆగి, వెనకున్నవారు పదకొండు చేరాక ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటామన్నారు. నోట్‌బుక్కులో ఆ రెండు వరసలనూ గీతతో కలిపాను. వచ్చే సమావేశానికి మొదటి ప్రశ్నలు ఆ నోట్‌బుక్కులోంచే తీస్తాం: ఇవాళ రాసిన ప్రతి వరస పక్కనా "పూర్తయింది", "నడుస్తోంది", "ఆగింది" అని మూడు గళ్లు గీసి పెట్టాను. ముందు "ఆగింది" గడిలో ఉన్నవాళ్లను పిలుస్తాం. రష్యన్ నవల వారి పేరు మాత్రం ప్రస్తుతానికి "నడుస్తోంది"లోనే రాశాను.